మాటలు మోసిన పిల్ల

జర్మనీలో, కార్ల్స్‌రూహె ఊళ్లో మా బిడ్డ వాళ్లుండేది రెండో అంతస్తు. కిందింట్లో బొలీవియా దేశపు వాళ్లుండేవాళ్లు. ఆయనకు పార్సిళ్ల గోదాములో పని, ఆమెకు ఆఫీసులు తుడిచే పని. పద్నాలుగేళ్ల ఆడపిల్ల, రెండున్నరేళ్ల మగపిల్లవాడు. నేను బిడ్డ కాన్పుకని మూడు నెలలకు వచ్చినదాన్ని. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగించారు, మళ్లీ పొడిగించారు, అట్లా ఏడాదిన్నర దాటింది.

నేను చదివింది ఏడో తరగతి. జర్మన్‌లో నాకు ముప్పై మాటలు వచ్చేవి. కిందింటి ఆమెకు నలభై వచ్చేవేమో. ఆ డెబ్బై మాటలతోనే సెల్లార్లో బట్టలు ఉతుక్కుంటూ మేమిద్దరం చాలా లోకం మాట్లాడుకున్నాం. ఉల్లిగడ్డ, జ్వరం, మొగుడు, వాన. ఈ నాలుగూ వస్తే ఆడవాళ్లకు కబుర్లకేం కొదవ? ఆమె పల్లీలు నూరి, ఆలుగడ్డలు వేసి ఒక చారు కాచేది. ఒక గిన్నె మా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడేది. ఆ రోజుల్లో మర్యాద అట్లా ఉండేది.

వాళ్ల చిన్నోడికి పుట్టినప్పటి నుంచి జుట్టు తీయలేదు. భుజాల దాకా పెరిగి, వెనక అట్టలు కట్టింది. మంగలి షాపులు మూతబడి ఉన్నాయి. ఒక ఆదివారం ఆమె కత్తెరకు ఎర్ర రిబ్బను కట్టి, పళ్లెంలో పెట్టుకొని పైకి వచ్చింది. వెనకే పెద్దపిల్ల. మొదటి కత్తిరింపు నన్ను చేయమని అడిగింది.

ఆమె మాట నాకు చేరాలంటే పెద్దపిల్ల దాన్ని మా బిడ్డకు జర్మన్‌లో చెప్పాలి, మా బిడ్డ నాకు తెలుగులో చెప్పాలి. నా మాట మళ్లీ అదే దారిన వెనక్కి పోవాలి.

"మా దిక్కు పుట్టెంటుకలు మేనమామ తియ్యాలె అని చెప్పవే," అన్నాను.

జవాబు వచ్చింది. "మేనమామ బొలీవియల ఉన్నడట. వాళ్ల దగ్గర మేనమామే కావాల్నని లేదట. తల్లికి ఎవరి మీద నమ్మకముంటే వాళ్లతోటి తీపిస్తరట."

నాకు సంతోషమైంది. నమ్మకమనే మాట ఎవరికి చేదు? మూడు కత్తెర్లు వేసి, వెంట్రుకలు పళ్లెంలో పెట్టి, మా మనవడికని కొన్న కొత్త చొక్కా ఒకటి వాడికిచ్చాను. చొక్కా పొట్టిదైంది, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె నన్ను కొమాద్రె అని పిలిచేది. మనం అక్కా, వదినా అని వరుస కలుపుకోమా, అట్లాంటిదే అనుకున్నాను.

ఆకులు రాలే కాలం వచ్చింది. ఆమె నీళ్లోసుకుందని నాకు నడకలోనే తెలిసింది. మూడో నెల దాటేదాకా అడగకూడదని ఊరుకున్నాను. ఒకరోజు బాల్కనీలో చంటివాడిని ఎండకు పట్టుకొని నిలబడితే, తల్లీ కూతురూ ట్రామ్ దిగి వస్తూ కనిపించారు. పిల్ల పది అడుగులు ముందు నడుస్తోంది. తల్లి గోడ పట్టుకొని నడుస్తోంది. ఆ తర్వాత నాలుగు రోజులు వాళ్ల కిటికీ తెర తీయలేదు. నేను పప్పుచారూ అన్నమూ పెట్టి వచ్చాను. ఏమైందని అడగలేదు. కడుపు పోయిన ఆడదాన్ని మన దగ్గర ఎవరు అడుగుతారు?

కానీ అప్పటి నుంచి పెద్దపిల్ల ఇంట్లో మాట్లాడటం మానేసింది. బడి మూసి, చదువంతా ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన రోజులవి. ఆ పిల్ల సెల్లార్లో ఉతికే మిషన్ పక్కన స్టూలేసుకొని పాఠాలు వినేది. మా బిడ్డతో జర్మన్‌లో గలగలా మాట్లాడేది. తల్లి వస్తే అవును, కాదు, అంతే. స్క్రీన్ మీద చూసిన టీచరుకే అనుమానం వచ్చి, వాళ్లను కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసే ఒక చోటికి పంపింది.

అక్కడి నుంచి మా బిడ్డకు ఫోను వచ్చింది. బిడ్డ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, కిందింటోళ్లు నిన్ను ఫ్యామిలీల రాసిన్రట. మీటింగ్‌కు నువ్వు గూడ రావాల్నట."

"మనమెట్ల పోతమే? ఇంటి గుట్టు అది. పక్కింటోళ్లం అని చెప్పు."

బిడ్డ అదే చెప్పింది. వాళ్ల పరువు కాపాడానని నేననుకున్నాను. మర్నాడు సెల్లార్లో ఆమె నన్ను చూసి, తడి బట్టలు తడిగానే బకెట్లో వేసుకొని పైకి వెళ్లిపోయింది. పల్లీల చారు రావడం ఆగిపోయింది. ఏం తప్పు చేశానో నాకు పాలుపోలేదు.

మూడు వారాలకు తలుపు కొట్టిన చప్పుడైంది. ఆమే. మాస్కు పైన కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో ఒక ఉత్తరం. ఏ ఉత్తరం వచ్చినా కూతురే చదివి చెప్పే ఇల్లు అది. ఈ ఉత్తరాన్ని మాత్రం కూతురు టేబుల్ మీద చూసి కూడా చదవనందట. మా బిడ్డ చంటివాడిని భుజాన వేసుకొని దాన్ని రెండుసార్లు చదివింది.

"అమ్మా, ఈ పిల్ల ఇంట్ల ఉండదట. ఇంట్ల పడని పిల్లలు కలిసి ఉండే ఇల్లు ఒకటి ఉంటది, హాస్టల్ లెక్క. వచ్చే నెల అక్కడికి పోతదట. అమ్మ నాయిన ఒప్పుకున్నరు, ఇగ సంతకం పెట్టున్రి అని రాసిన్రు."

"ఒప్పుకున్నరా?"

"ఆమె మొఖం చూడు. ఆమెకు ఈ సంగతే తెల్వదు."

జరిగింది ఇదని తర్వాత తెలిసింది. మీటింగు స్క్రీన్ మీద పెట్టారు. స్పానిష్ తెలిసిన మనిషి ఆ రోజు దొరకలేదు. పిల్లనే చెప్పమన్నారు. కౌన్సెలింగ్ ఆమె, "మీ అమ్మాయి కొన్నాళ్లు వేరే చోట ఉండటం మీకు సమ్మతమేనా అని అడుగు," అంది. పిల్ల తల్లిదండ్రుల వైపు తిరిగి, "ఇంకో రెండు మీటింగులకు వస్తారా అని అడుగుతోంది," అని చెప్పింది. ఇద్దరూ తలూపారు. పిల్ల ఇటు తిరిగి, "సరేనన్నారు," అంది.

మా బిడ్డ చిన్న చిన్న మాటల్లో ఉత్తరంలో ఉన్నది ఆమెకు చెప్పింది. ఆమె మెట్ల మీదే కూలబడింది. అప్పటికి తండ్రి కూడా పైకి వచ్చాడు. ఆయన వెనక పిల్ల వచ్చి, గోడకు ఆనుకొని నిలబడింది. ఆయన గొంతు పెంచలేదు. ఒకే మాట అని కిందికి వెళ్లిపోయాడు. మా బిడ్డ పిల్లను అడిగింది, ఏమన్నాడని.

"చెప్పను," అంది పిల్ల. "ఇక ఎవరి మాటా ఎవరికీ చెప్పను. ఇన్నేళ్లూ అందరి మాటలూ చెప్పాను. నాకు కావలసింది ఒక్కసారి చెప్పుకున్నాను."

ఆయన అన్నది తల్లే తన నలభై మాటల్లో చెప్పింది. పోతే తలుపు మూసినట్టే. మళ్లీ తెరవడు. అది చెప్పి, నా వైపు తిరిగి, రెండు వేళ్లు కత్తెరలా చేసి తన జుట్టు మీద ఆడించి, ఆ చేత్తోనే నన్ను చూపించింది. వెంట్రుకలు నువ్వే కదా తీశావు అన్నట్టు. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు.

మర్నాడు మా బిడ్డ ఫోను చేసి ఆ కౌన్సెలింగ్ చోట ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాళ్లు అక్కడే ఇంకో శాఖలో పనిచేసే ఒక పెద్దామెను పిలిపించారు. చిన్నప్పుడే చిలీ దేశం నుంచి వచ్చిన మనిషి, స్పానిష్ ఆమె తల్లి భాష. ఆమె మా బిడ్డతో ఫోనులో అరగంట మాట్లాడింది.

"అమ్మా, నువ్వు పెద్ద పనే చేసినవ్," అంది బిడ్డ ఫోను పెట్టేసి. "వాళ్ల దగ్గర పుట్టెంటుకలు తీసినామె ఆ పిలగానికి రెండో తల్లి అయితదట. తల్లికేమో తోబుట్టువు లెక్క. కొమాద్రె అంటే గదే. ఆ ఇంట్ల కష్టమొస్తే కొమాద్రె రావాలె, తప్పుంటే తల్లినైనా తండ్రినైనా తిట్టాలె. ఆ హక్కు ఉంటదట. నువ్వేమో పక్కింటోళ్లం అంటివి."

పెళ్లి లేకుండానే నేను వియ్యపురాలినయ్యానన్నమాట. చుట్టరికం కలుపుకొని, అవసరానికి పిలిస్తే ఎవరో తెలియదన్నాను.

మా అల్లుడు ల్యాప్‌టాప్ ముందు నుంచి తలెత్తాడు. "అత్తమ్మా, మూడు నెలల వీసాకొచ్చి బొలీవియల గూడ చుట్టాలను చేస్కున్నరు."

"నవ్వకు బిడ్డా," అన్నాను. "ఈసారి పిలిస్తే పోత."

పిలిచారు. ఇంట్లో అంతమంది కూర్చోవడానికి రూల్స్ ఒప్పుకోవని మా బిల్డింగ్ వెనక పెరట్లో కుర్చీలు దూరం దూరంగా వేశారు. చలి తగ్గలేదు, కానీ ఎండ ఉంది. అందరం దుప్పట్లు కప్పుకొని కూర్చున్నాం. స్క్రీన్ మీద మొదటి మీటింగు పెట్టిన జర్మన్ ఆమె కూడా వచ్చింది. పిల్లచేత చెప్పించడం తన పొరపాటని ఆమె ముందే ఒప్పుకొని పక్కన కూర్చుంది. చిలీ ఆమె పిల్లతో, "ఈ రోజు నువ్వు ఎవరి మాటా మోయక్కర్లేదు," అంది. ఎవరు ఏమన్నా ఆమె మా బిడ్డకు జర్మన్‌లో చెప్పేది, మా బిడ్డ నాకు తెలుగులో చెప్పేది. అట్లా నా దాకా వచ్చిన మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దామె ఫైలు తెరవలేదు. తల్లి తెచ్చిన పల్లీల చారు తాగింది. అందులో ఏమేం వేశావని అడిగింది. తండ్రిని మీరు మీరు అంటూ ఆయన ఊరి గురించి, గోదాములో బరువుల గురించి, నడుం నొప్పి గురించి అడిగింది. ఇరవై నిమిషాలైంది.

"చారు తాగ వచ్చిందా, సంగతి తేల్చ వచ్చిందా?" అన్నాను బిడ్డతో.

"ఊకో అమ్మా."

తర్వాత నేనే గమనించాను. చేతులు కట్టుకొని నేల చూస్తున్న తండ్రి చేతులు విప్పాడు. మన దగ్గర పంచాయితీ చెప్పే పెద్దమనిషి కూడా వస్తూనే తగవు ఎత్తడు. నీళ్లు తాగి, వానలెట్లున్నయి అని అడుగుతాడు. ముందు మనిషికి మనిషని మర్యాద ఇస్తేనే తర్వాత మాట చెవికెక్కుతుంది. ఈమె కూడా అదే చేస్తోంది.

అప్పుడు ఒక చెక్క పలకా, చదరంగం పావుల్లాంటి కట్టె బొమ్మలూ తీసింది. వాళ్లు ఈ పనిలో వాడే వస్తువులేనట. ఎవరెక్కడున్నారో పెట్టమని పిల్లకిచ్చింది. పిల్ల ఒక అంచున అమ్మను, నాన్నను, తమ్ముడిని పెట్టింది. తల్లి పక్కన నన్నూ పెట్టింది. రెండో అంచున బడి, డాక్టరు, ఇంటి ఓనరు, వీసా ఆఫీసు, నాన్న పని చోటు. నడి మధ్యలో తనను పెట్టింది. నిలబెట్టలేదు, పడుకోబెట్టింది.

"ఈమె ఎప్పుడు పడిపోయింది?" అని అడిగింది పెద్దామె.

"డాక్టరు దగ్గరికి పోయిన రోజు."

ఆ రోజు ఆసుపత్రిలోకి తోడుగా ఒక్కరినే రానిచ్చారట. భాష వచ్చినది పిల్లకే కాబట్టి తండ్రి బయట ఆగాడు. డాక్టరు స్క్రీన్ చూసి, గుండె కొట్టుకోవడం లేదని మీ అమ్మకు చెప్పు అన్నాడు. అట్లాంటి సంగతి మెత్తగా చెప్పే మాటలు ఆ పిల్లకు స్పానిష్‌లో తెలియవు. పద్నాలుగేళ్ల పిల్లకు ఏ భాషలో తెలుస్తాయి? చచ్చిపోయిందంటున్నాడు అని చెప్పింది. మళ్లీ అడుగు అంది తల్లి. మళ్లీ అడిగింది. డాక్టరు మళ్లీ అదే అన్నాడు, పిల్ల మళ్లీ అదే చెప్పింది. నువ్వు అబద్ధం చెప్తున్నావు అంది తల్లి. ఇంటికి వచ్చాక తండ్రితో, ఆలుగడ్డల ధర చెప్పినట్టు చెప్పింది నీ కూతురు అంది. గోడవతల పిల్ల ఆ మాట విన్నది.

ఇదంతా పిల్ల తల వంచుకొని చెప్పింది. తల్లి పెద్దామెతో, "నేను అబద్ధమన్నది ఆ డాక్టరు మాటను, పిల్లను కాదు. అక్కడ నాకు వినిపించే నోరు దానిదొక్కటే," అంది.

"నాతో కాదు, మీ అమ్మాయితో చెప్పండి," అంది పెద్దామె.

తల్లి కుర్చీ తిప్పుకొని మళ్లీ చెప్పింది. పిల్ల తలెత్తలేదు. కానీ విన్నది.

పెద్దామె నా వైపు చూసి, కొమాద్రె ఏమంటారని అడిగింది. దుప్పటి సర్దుకున్నాను. హక్కు ఇచ్చారు కదా.

"కడుపు సంగతి మా దిక్కు పెండ్లి కాని పిల్ల చెవులనే ఎయ్యం," అన్నాను. "మీరు ఆ పిల్ల నోట చెప్పిచ్చిన్రు. ఎవ్వరు కావాల్నని చెయ్యలే. గని ఆ బరువు మోసింది ఆ పిల్ల ఒక్కతే. ముందు అది ఒప్పుకోన్రి."

మా బిడ్డ ఆ మాటలు జర్మన్‌లో చెప్తూ మధ్యలో ఆగి నన్ను చూసింది. అంతకు నెల ముందే నన్ను బీపీకని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఉప్పు తగ్గించలేదని ఆయన నన్ను తిడితే ఆ తిట్లన్నీ తనే నాకు చెప్పింది. "ఆయన తిట్టేది నాతోటి తిట్టిపిస్తున్నవ్, మళ్ల ఇంటికొచ్చి నా మీదనే అలుగుతవ్," అని ఆ రోజు అంటే నవ్వేశాను. పెరట్లో నవ్వు రాలేదు.

తండ్రి తలూపాడు. ఒప్పుకుంటాను కానీ పిల్ల ఇల్లు దాటిపోతే మాత్రం తలుపు మూసినట్టే అన్నాడు. ఆ ఇంట్లో నాకు ఊపిరాడదు, పోతాను అంది పిల్ల. మాట మళ్లీ మొదటికి వచ్చింది.

పెద్దామె తండ్రిని అడిగింది. "మీ దగ్గర ఆడపిల్లకు తల్లితో పడకపోతే ఎక్కడికి పోతుందండీ?"

"కొమాద్రె ఇంటికి పోతుంది," అన్నాడు ఆయన. "మా చెల్లెలు ఏడాది ఉంది."

"ఆమెకు తలుపు మూశారా?"

"ఎందుకు మూస్తాం? అదీ ఇల్లే కదా."

అనేసి ఆయన ఆగిపోయాడు. అందరి తలలూ మా బాల్కనీ వైపు లేచాయి. నేను తలూపాను.

"అమ్మా," అంది బిడ్డ పళ్ల మధ్య నుంచి. "ఇల్లు నాది. మాట ఇచ్చేది నువ్వా?"

"నేనెక్కడిచ్చిన? వాళ్లే తీస్కున్నరు."

ఆ రాత్రి కాకుండా ఆ మర్నాడు మధ్యాహ్నం, అల్లుడు కూడా సరేనన్నాక, పిల్ల దిండూ ల్యాప్‌టాప్ తీసుకొని పైకి వచ్చింది. ఆ హాస్టల్ ఇంటి కాగితం రద్దు చేయలేదు, పక్కన పెట్టారు. ఏడు వారాలు చూసి, అప్పటికీ పిల్ల పోతానంటే తల్లిదండ్రులు సంతకం పెట్టాలని రాసుకున్నారు. పిల్ల ఇక ఎవరికీ మాటలు చేరవేయదనీ, ఏ టెర్మిన్‌కైనా, అంటే డాక్టరుదో ఆఫీసుదో అపాయింట్‌మెంటుకు, ఫోనులో స్పానిష్ చెప్పే మనిషిని కౌన్సెలింగ్ వాళ్లే పెట్టిస్తారనీ రాశారు.

పిల్ల హాల్లో సోఫా మీద పడుకునేది. పెరుగన్నంలో చక్కెర వేసుకొని తినేది. చంటివాడిని ఆడించేది. నన్ను ఓమా అని, అంటే జర్మన్‌లో అమ్మమ్మా అని, పిలిచేది. తల్లి రోజూ సాయంత్రం గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, నాలుగు మెట్లు దిగి నిలబడి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేది. ఐదో వారం వచ్చింది. గిన్నె మార్పిడి తప్ప వాళ్లిద్దరి మధ్య మాట లేదు. పద్నాలుగు రోజులకొకసారి పెరట్లో మీటింగు, అక్కడ మాట్లాడిందే మాట. తల్లి నన్ను చూసినప్పుడల్లా వేళ్ల మీద వారాలు లెక్కపెట్టి చూపించేది. నేను పిల్లను పొమ్మనలేదు, ఉండమనలేదు. కానీ ఈ పిల్ల ఆ ఇంటికి ఇక దక్కదేమోనని నాకూ లోపల దిగులు పట్టింది.

ఆరో వారంలో తల్లికి అదే డాక్టరు దగ్గర టెర్మిన్ వచ్చింది. ఒక్కతే పోయింది. చేతిలో ఒక చీటీ, ఫోనులో ఎవరో స్పానిష్ ఆవిడ, అంతే. తిరిగొచ్చి ఇంట్లోకి పోకుండా నేరుగా పైకి వచ్చింది. ఈసారి గిన్నె లేదు. పిల్ల టేబుల్ దగ్గర లెక్కలు చేస్తోంది. తల్లి గుమ్మంలో నిలబడి స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గర ఏమైందో చెప్తోందని మాత్రం తెలుస్తోంది. మధ్యలో ఆగి మాట వెతుక్కుంటోంది, మళ్లీ చెప్తోంది. బిడ్డ లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉంది. ఏమంటుందే అని పిలవబోయి నోరు మూసుకున్నాను. అది నా దాకా రావలసిన మాట కాదు.

పిల్ల ఒకటి అడిగింది. తల్లి జవాబు చెప్పింది. పిల్ల ఇంకొకటి అడిగింది. తర్వాత పుస్తకం మూసి, నాకు తెలిసిన ముప్పై మాటల్లోంచే ఏరి చెప్పింది. "ఓమా, ఈ రోజు తిండి కింద."

తిని మళ్లీ పైకి వచ్చి పడుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మాత్రం కింది నుంచి తల్లి ఏదో అంది. పిల్ల బాల్కనీలోకి పోయి, కిందికి వంగి, పొడుగ్గా జవాబిచ్చింది. తల్లి అంతకంటే పొడుగ్గా ఇచ్చింది. పిల్ల చెప్పులు వేసుకొని మెట్లు దడదడా దిగిపోయింది. కింద తలుపు తెరుచుకుంది, ఇద్దరి గొంతులూ ఒకదాని మీదొకటి పడి, గరిటె గిన్నెకు తగిలి, చిన్నోడు కూడా మధ్యలో అరిచాడు. తలుపు వేసుకున్నాక కూడా ఆ రభస నేలలోంచి పైకి వినిపిస్తూనే ఉంది.

బిడ్డ హెడ్‌ఫోన్లు తీసి గదిలోంచి బయటికి వచ్చింది.

"కింద ఏమైతుందమ్మా? కొట్లాడుతున్నరా?"

"ఏం లేదు," అన్నాను. "మాట్లాడుకుంటున్నరు."